పరీక్షలకు ముందు పది రోజులు

సంవత్సరమంతా ఒక ఎత్తు, పరీక్షలకు ముందు పది రోజులు మరొక ఎత్తు అని విద్యార్థి లోకంలో ఒక మాట ఉన్నది. మామిడి పూత పిందె కట్టే వేళకు పదవ తరగతి, ఇంటర్మీడియెట్ విద్యార్థుల ఇండ్లలో దీపాలు అర్ధరాత్రి దాటినా ఆరవు. హాల్ టికెట్ చేతికి వచ్చిన నాటి నుండి అన్నం రుచించదు, నిద్ర పట్టదు. అన్ని పాఠాలూ తెలిసినట్లే ఉంటాయి. ఏ ఒక్కటీ పూర్తిగా తెలిసినట్లుండదు. ఇటువంటి సమయంలో విద్యార్థులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే: "మిగిలిన ఈ కొద్ది రోజులలో ఏమి చదవాలి?" ఆ ప్రశ్నకు సమాధానంగానే ఈ వ్యాసం వ్రాస్తున్నాము. అయితే ఏమి చదవాలన్న దానికంటే ఎట్లా చదవాలన్నదే ముఖ్యమని మా అభిప్రాయం.

జూన్ మాసం నుండి క్రమం తప్పకుండా చదివిన విద్యార్థికి మా సలహాలతో అంతగా పని లేదు. ఉదయం తండ్రి దుకాణంలో కూర్చుని, మధ్యాహ్నం తరగతికి వచ్చేవారు, ఇంటి పనుల నడుమ పుస్తకం తెరిచే ఆడపిల్లలు, ఏదో ఒక కారణం చేత సగం పాఠాలు వెనుకబడినవారు మా ఎదుట ఉన్నారు. దాహం వేసిన తరువాత బావి త్రవ్వుతున్నారని వారిని నిందించటం సులభం. నిందవలన నీరు పడదు. లెక్క వేసి చూడండి: రోజుకు ఎనిమిది గంటల చొప్పున పది రోజులకు ఎనభై గంటలు. ఆరు పత్రాలకు పంచితే ఒక్కొక్క దానికి పదమూడు గంటలకు పైగా లభిస్తుంది. ఇది స్వల్పమేమీ కాదు. ఈ గంటలను ఏ విధంగా ఖర్చు చేస్తామన్నదే ప్రశ్న.

సాధారణంగా విద్యార్థి చేసే పని ఇది. పుస్తకం తెరుస్తాడు. ఒకసారి చదువుతాడు. ముఖ్యమని తోచిన పంక్తుల క్రింద గీతలు గీస్తాడు. మరల మొదటి నుండి చదువుతాడు. మూడవసారి చదివేసరికి ప్రతి వాక్యమూ పరిచితంగా కనిపిస్తుంది. "ఇది నాకు వచ్చును" అన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తిలోనే మోసమున్నది. బజారులో ఎదురైన మనిషి ముఖం చూడగానే గుర్తు పడతాము, కాని పేరు ఎంత తలచుకున్నా నాలుక చివరకు రాదు. ముఖాన్ని గుర్తుపట్టడం ఒక శక్తి. పేరును తలపునకు తెచ్చుకొనటం వేరొక శక్తి. పుస్తకాన్ని పదేపదే చూచినందువలన మొదటి శక్తి పెరుగుతుంది. పరీక్ష అడిగేది రెండవ దానిని. అక్కడ ముఖం చూపరు, పేరు చెప్పమంటారు. ఆ పేరును తలచుకొనే అభ్యాసం ఇంటి వద్ద ఒక్కసారైనా చేయని విద్యార్థి పరీక్ష గదిలో మొదటిసారి ఆ ప్రయత్నం చేసి, "చదివినదే, గుర్తు రావటం లేదు" అని వాపోతాడు.

కనుక ఈ పది రోజులకు మేము చెప్పదలచిన సూత్రం ఒక్కటే: పుస్తకం తెరిచి ఉంచిన కాలం తగ్గించి, మూసి ఉంచిన కాలం పెంచండి. మన పెద్దలు దీనికి ఒప్పజెప్పడం అని పేరు పెట్టారు. పంతులుగారి ముందు నిలబడి, పుస్తకం ఆయన చేతికిచ్చి, పాఠాన్ని నోటితో చెప్పటమే ఒప్పజెప్పడం. ఒకరి సొమ్మును తిరిగి వారికి అప్పగించటాన్ని కూడా ఇదే మాటతో చెబుతాము. గురువు ఇచ్చిన దానిని చెక్కు చెదరకుండా తిరిగి అప్పగించగలిగిననాడే అది మన చేతిలో ఉన్నట్లు లెక్క.

ఇది కేవలం పెద్దల మాట కాదు, ప్రయోగాలకు నిలిచిన సత్యం. జర్మనీ దేశీయుడైన హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి, ఆ ఫలితాలను 1885లో గ్రంథంగా ప్రకటించాడు. మరల నేర్చుకొనేటప్పుడు మొదటి శ్రమలో ఎంత ఆదా అవుతున్నదన్నది అతని కొలమానం. ఒక గంట గడిచేసరికి ఆ ఆదాలో సగానికి పైగా పోయింది; ఒక దినానికి సుమారు మూడవ వంతు మిగిలింది; నెలకు అయిదవ వంతు మాత్రమే నిలిచింది. అర్థవంతమైన పాఠాలు ఇంతకంటే మెరుగుగా నిలుస్తాయన్నది నిజమే. ఐనను మరపు మొదటి దినంలోనే వేగంగా సాగుతుందన్న సంగతి విద్యార్థి మరువరాదు. నిన్న చదివినది నేడు తలచుకొనకపోతే రేపటికి దక్కేది కొంచెమే.

మరపునకు మందు ఏమిటన్న దానికి అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రకటించిన ప్రయోగం చక్కని సమాధానం. వారు కళాశాల విద్యార్థులకు చిన్న గద్య భాగాలు ఇచ్చారు. ఒక పద్ధతిలో ఆ భాగాన్ని రెండుసార్లు చదివించారు. రెండవ పద్ధతిలో ఒకసారి చదివించి, కాగితం తీసి జ్ఞాపకమున్నంత వ్రాయమన్నారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినప్పుడు నూటికి 81 పాళ్లు, చదివి వ్రాసినప్పుడు 75 పాళ్లు గుర్తున్నాయి. వారం గడిచిన తరువాత పరీక్షిస్తే ఫలితం తలక్రిందులైంది: రెండుసార్లు చదివినదానిలో 42 పాళ్లు మాత్రమే మిగిలాయి, ఒకసారి చదివి, ఒకసారి చూడకుండా వ్రాసినదానిలో 56 పాళ్లు నిలిచాయి. తిరిగి చదవటం ఆ క్షణానికి బాగున్నట్లు తోచి, వారానికి చెయ్యిస్తుంది. మన పరీక్షలు అయిదు నిమిషాలకు రావు. వారానికో పది దినాలకో వస్తాయి.

ఈ ప్రయోగశాలలు పుట్టక పూర్వమే మన నేలమీద ఈ మర్మం తెలిసినవారు రెండు వీధులలోనూ ఉన్నారు. ఖురాన్ షరీఫ్ ముప్పది పారాలను కంఠస్థం చేసే బాలుని దినచర్య చూడండి. నేటి కొత్త పాఠం సబఖ్. దానిని ఉస్తాద్‌గారి ఎదుట చూడకుండా వినిపించాలి. అంతటితో విడుదల లేదు. అంతకు ముందు నేర్చిన భాగాన్ని ఆమోఖ్తా అంటారు. దానిని కూడా వంతులవారీగా ప్రతిదినం వినిపించాలి. హాఫిజ్ అయిన తరువాత కూడా రంజాన్ మాసంలో తరావీహ్ నమాజులో నిలబడి వినిపిస్తాడు. వెనుక మరొక హాఫిజ్ నిలిచి, తప్పు దొర్లితే సరిదిద్దుతాడు. కొత్తదానికి పాతదానిని జోడించటం, చూడకుండా చెప్పటం, వినే చెవి ఒకటి ఉండటం, ఈ మూడూ ఆ విద్యకు ప్రాణం.

తెలుగువారి అవధానంలోనూ ఇదే కనిపిస్తుంది. అష్టావధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అడ్డు తగులుతారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో చిత్తం చెదరగొడతారు. అవధాని ఒక పద్యాన్ని ఒకేసారి పూర్తి చేయడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పుకుంటూ పోయి, మరల మొదటివారి వద్దకు వస్తాడు. వచ్చిన ప్రతిసారీ విడిచిన చోటును తలపునకు తెచ్చుకొనక తప్పదు. చివరకు ధారణ సమయంలో పద్యాలన్నిటినీ ఏకరువు పెడతాడు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారలు తిరుపతి వేంకట కవులుగా ఈ విద్యను ఊరూరా వెలిగించారు. ఒకే విషయాన్ని పట్టుకొని వ్రేలాడక, విడిచి, మరొక దానికి పోయి, తిరిగి వచ్చి తలచుకొనటమే వారి అభ్యాసంలోని కీలకం. మసీదు అరుగు మీద, అవధాన సభలో ఒకే సూత్రం పని చేసినప్పుడు మన పరీక్షల బల్ల మీద అది పని చేయకపోవటానికి కారణం లేదు.

ఇక పద్ధతిని ఒక ఉదాహరణతో చూపుతాము. పదవ తరగతి జీవశాస్త్రంలో కిరణజన్య సంయోగక్రియ అన్న అంశం తీసుకుందాము. ఇరువది నిమిషాలు శ్రద్ధగా ఒకసారి చదవండి. పుస్తకం మూసి, తెల్లకాగితం తీసి, మధ్యలో పేరు వ్రాయండి. తరువాత మీకు మీరే ప్రశ్నలు వేసుకోండి. మొక్కకు కావలసిన ముడిసరుకులేవి? బొగ్గుపులుసు వాయువు, నీరు. వాయువు ఏ ద్వారం గుండా లోపలికి పోతుంది? పత్రరంధ్రాల గుండా. సూర్యకాంతిని పట్టేది ఏది? పత్రహరితం. తయారయ్యేవి ఏవి? గ్లూకోజు, ప్రాణవాయువు. కాంతి చర్య ఎక్కడ జరుగుతుంది, నిష్కాంతి చర్య ఎక్కడ? మొదటిది హరితరేణువులోని గ్రానాలలో, రెండవది అవర్ణికలో. ఆకులో పిండిపదార్థం ఏర్పడినదని ఎట్లా నిరూపిస్తాము? అయోడిన్ చుక్కలు వేస్తే నీలి నలుపు రంగు వస్తుంది. సమీకరణం వ్రాయండి, బొమ్మ గీయండి.

ఎక్కడ కలం ఆగిందో అక్కడ ఒక నిమిషం ఓపిక పట్టండి. వెంటనే పుస్తకం తెరవవద్దు. ఆ వెదుకులాటలోనే జ్ఞాపకం బలపడుతుంది. తరువాత పుస్తకం తెరిచి, విడిచిపెట్టిన వాటిని, తప్పు వ్రాసిన వాటిని ఎర్రసిరాతో చేర్చండి. రేపు ఉదయం ఈ ఎర్రసిరా భాగాలను మరల చూడకుండా వ్రాయండి. మూడు రోజుల తరువాత ఇంకొకసారి. ఒక పాఠానికి ఇట్లా మూడు పర్యాయాలు చాలును. ఆ ఎర్రసిరాయే మీకు మిగిలిన అసలు పని. నల్లసిరాతో వచ్చినదానిని మాటిమాటికీ చదువుతూ కూర్చోవటం నిండిన కుండలో నీరు పోయటమే.

రెండు భాషల నడుమ పెరిగే మన విద్యార్థులకు ఇక్కడ ఒక సౌలభ్యమున్నది. తెలుగులో కిరణజన్య సంయోగక్రియ అన్నదానిని ఉర్దూలో జియాయీ తాలీఫ్ అంటారు, ఆంగ్లంలో ఫోటోసింథసిస్ అంటారు. మూడు మాటలనూ విప్పి చూడండి: వెలుగు ఒకటి, కూర్చటం ఒకటి. వెలుగు సహాయంతో కూర్చటమన్న అర్థం ముందు పట్టుబడితే పాఠంలో సగం దానంతట అదే జ్ఞప్తికి వస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైనది. అందుకొరకు 1917లోనే నెలకొల్పిన దారుత్తర్జుమా అన్న అనువాద శాఖ పండితులు శాస్త్రాలను ఉర్దూలోనికి తెచ్చారు. అర్థం తెలిసిన మాట మనసుకు అతుకుతుందన్న విశ్వాసమే అట్టి కృషికి మూలం. పారిభాషిక పదాన్ని బట్టీ పట్టక, ముందు దాని ముడి విప్పండి.

ఒప్పజెప్పడానికి వినేవారు కావాలి. ఇద్దరు మిత్రులు కలిసి కూర్చుని, ఒకరు పుస్తకం పట్టుకొని అడగటం, ఒకరు చెప్పటం ఉత్తమం. మిత్రుడు దొరకకపోతే తమ్ముడైనా చెల్లెలైనా సరే. "మా ఇంటిలో చదువుకున్నవారు లేరు, ఎవరికి ఒప్పజెప్పాలి?" అని కొందరు అడుగుతారు. అమ్మకు ఒప్పజెప్పండి. ఆమె బియ్యం ఏరుతూనో రొట్టెలు చేస్తూనో వింటుంది. పుస్తకంలోని మాటలు ఆమెకు తెలియవు కనుక మీరు ఇంటి భాషలో చెప్పక తప్పదు. "అది ఎందుకు అట్లా అవుతుంది?" అని ఆమె ఒక్క ప్రశ్న అడిగితే, మీకు తెలిసినది ఎంతో తెలియనిది ఎంతో ఆ క్షణంలో తేలిపోతుంది. ఇంటి భాషలో చెప్పగలిగిన విషయాన్ని వెంటనే పరీక్ష భాషలో కాగితం మీద వ్రాయండి. అక్షరం రాని తల్లి కూడా బిడ్డ పరీక్షకు ఈ విధంగా గురువు కాగలదు. మొదటి తరం చదువుల ఇండ్లలో ఇంతకంటే గొప్ప సహాయం వేరొకటి లేదు.

భాషా పత్రాల విషయంలో ఒక హెచ్చరిక. ఉర్దూ మాతృభాషగా గలవారికి తెలుగులో ల-ళ, న-ణ అక్షరాల భేదం చెవికి సులభంగా పట్టదు. ఉర్దూలో ళ, ణ ధ్వనులు లేకపోవటమే కారణం. కల వేరు, కళ వేరు. అటులనే ఉర్దూ నేర్చే తెలుగువారికి జే, జాల్, జాద్, జోయ్ అన్న నాలుగు అక్షరాలూ ఒకే ధ్వనిగా వినిపిస్తాయి. సీన్, స్వాద్, సే అన్న మూడూ అంతే. చెవి సహాయం చేయని చోట చెయ్యి సహాయం చేయాలి. కనుక భాషలలో మీరు తరచుగా తప్పు వ్రాసే నలభై యాభై మాటల పట్టిక తయారు చేసి, ఎవరైనా చదువుతూ ఉండగా రోజూ పది నిమిషాలు వ్రాయండి. చదివినందువలన వర్ణక్రమం రాదు, వ్రాసినందువలన వస్తుంది.

గణితంలో సాధించిన లెక్కను చదవటం వంటి ఆత్మవంచన ఇంకొకటి లేదు. ప్రతి మెట్టూ సవ్యంగానే కనిపిస్తుంది. కాగితం మూయగానే రెండవ మెట్టు తోచదు. జవాబు భాగాన్ని చేతితో కప్పి, లెక్కను మొదటి నుండి చివరి వరకు మీరే చేయండి. ఆగితే ఒక్క మెట్టు మాత్రమే తెరిచి చూచి, మరల కప్పండి. ఒకే విధమైన లెక్కలు పది వరుసగా చేసే బదులు, నాలుగు అధ్యాయాల నుండి కలగలుపుగా తీసుకోండి. పరీక్షలో ఏ లెక్కకు ఏ సూత్రమో ఎవరూ ముందుగా చెప్పరు. ఆ ఎంపికకు కూడా అభ్యాసం కావాలి.

ఇప్పుడు పది రోజుల పంపకం చెబుతాము. మొదటి రెండు రోజులు ప్రతి విషయంలోని పాఠాల పేర్లు వరుసగా వ్రాసి, పుస్తకం తెరవకుండా ఒక్కొక్క దానికి వచ్చినన్ని అంశాలు వ్రాయండి. ఆ విధంగా పాఠాలు మూడు తరగతులుగా విడిపోతాయి: వచ్చినవి, సగం వచ్చినవి, బొత్తిగా రానివి. మూడవ నాటి నుండి ఏడవ నాటి వరకు ముందుగా సగం వచ్చిన వాటిని పట్టండి. కొద్ది శ్రమతో ఎక్కువ ఫలితం అక్కడనే దొరుకుతుంది. రానివాటిలో సులభమైనవి, పరీక్షలలో తరచుగా అడిగినవి మాత్రమే ఏరి తీసుకోండి. రోజుకు రెండు విషయాల కంటే మించవద్దు. ప్రతి సాయంకాలం అరగంట నిన్నటి ఎర్రసిరాకు కేటాయించండి. ఎనిమిదవ నాడు ఒక పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకొని, గడియారం చూచుకొని, పూర్తి కాలం కదలకుండా వ్రాయండి. తొమ్మిదవ నాడు ఆ జవాబులలోని తప్పులను దిద్దుకోండి. పదవ నాడు కొత్త పాఠం ముట్టవద్దు. పరీక్షా కేంద్రం ఎక్కడ ఉన్నదో వెళ్లి చూచి రండి. కలాలు, హాల్ టికెట్ ఒక చోట పెట్టుకోండి.

"ఈసారి తప్పక వచ్చే ప్రశ్నలు" అని బజారులో అమ్మే పత్రాల సంగతి, పరీక్షకు ముందు రాత్రి సెల్‌ఫోన్‌లో తిరిగే పుకార్ల సంగతి కూడా చెప్పాలి. పాత ప్రశ్నపత్రాలు చూడటం వివేకం. ఏ భాగం నుండి ఏ తరహా ప్రశ్నలు వస్తాయో తెలుస్తుంది. ఎవరో ఊహించిన పది ప్రశ్నల మీద సంవత్సరాన్ని పణంగా పెట్టడం జూదం. ఇక చీటీలు, చూచి వ్రాతల మీద ఆశ పెట్టుకున్నవారికి ఒక్కటే మాట: పబ్లిక్ పరీక్షలలో అక్రమాల నివారణకు ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ప్రత్యేక చట్టం చేశారు. చట్టం చేతికి చిక్కకపోయినా ఆ మార్కు మీది కాదు; తరువాతి తరగతిలో ఆ అప్పు వడ్డీతో సహా తీర్చవలసి వస్తుంది.

నిద్రను గురించి విద్యార్థులలో దురభిప్రాయం ఉన్నది. తెల్లవారే వరకు మేలుకొనటం శ్రద్ధకు గుర్తని తలుస్తారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవారు 1924లో ప్రకటించిన ప్రయోగంలో, నేర్చుకున్న తరువాత మేలుకొని గడిపిన గంటలలో కంటే నిద్రలో గడిపిన గంటలలో మరపు తక్కువని తేలింది. తరువాతి పరిశోధనలు కూడా జ్ఞాపకం స్థిరపడటంలో నిద్రకు పాత్ర ఉన్నదని చూపుతున్నాయి. కనుక నిద్ర చదువుకు శత్రువు కాదు. పడుకొనే ముందు పావుగంట ఆ రోజు పాఠాలను చూడకుండా తలచుకొని, దీపం ఆర్పండి.

చాంద్రమానం సౌరమానం కంటే సుమారు పదకొండు రోజులు తక్కువ కనుక రంజాన్ మాసం ఏటేటా ముందుకు జరుగుతుంది. 2024, 2025 సంవత్సరాలలో అది మార్చి నెలలో వచ్చి పరీక్షల కాలాన్ని తాకింది. ఉపవాసముండే విద్యార్థులు గంటల లెక్కను తమ దినచర్యకు అనుగుణంగా మార్చుకోవాలి. సహరీ, ఫజ్ర్ నమాజు తరువాతి రెండు గంటలు మనసు నిర్మలంగా ఉండే సమయం. కష్టమైన పాఠాలు అప్పుడు పెట్టుకోండి. మధ్యాహ్నం వేళ కొంతసేపు విశ్రమించండి. సాయంకాలం అలసిన గంటలలో కొత్తవి చదవక, నోటితో ఒప్పజెప్పుకోండి. ఇఫ్తార్ తరువాత నీరు తగినంత త్రాగండి. తరావీహ్ ముగిసిన తరువాత పుస్తకం పట్టి రెండు గంటల వరకు కూర్చుంటే సహరీకి లేవటం, పరీక్షకు కూర్చోవటం రెండూ చెడతాయి.

పరీక్ష గదిలో ప్రశ్నపత్రం అందగానే తొలి ప్రశ్న మీద పడవద్దు. చివరి వరకు చదవండి. మూడు గంటలలో ఎనభై మార్కుల పత్రం అయితే, మార్కుకు రెండు నిమిషాల చొప్పున నూట అరవై నిమిషాలు పోగా ఇరువది నిమిషాలు చదవటానికి, సరిచూచుకొనటానికి మిగులుతాయి. ఆ లెక్కన నాలుగు మార్కుల ప్రశ్నకు ఎనిమిది నిమిషాలు. బాగా వచ్చిన ప్రశ్నకు మూడు పుటలు నింపి, చివరి రెండు ప్రశ్నలు విడిచిపెట్టడం తరచుగా చూస్తున్నాము. జ్ఞాపకం రాని జవాబు దగ్గర స్థలం విడిచి ముందుకు సాగండి. అవధాని వలె తిరిగి రండి. ప్రశ్న సంఖ్య వేయటం మరువవద్దు. బయటకు వచ్చిన తరువాత అయిపోయిన పత్రాన్ని తవ్వుకొనక, తరువాతి దానిని తలచుకోండి.

కొందరికి పాఠం వచ్చును గాని భయం రానివ్వదు. 2011లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రమీరెజ్, బైలాక్ అనేవారు ప్రకటించిన పరిశోధనలో, పరీక్షకు కొంచెం ముందు పది నిమిషాలు తమ ఆందోళనను ఉన్నదున్నట్లు కాగితం మీద వ్రాసినవారికి, ముఖ్యంగా పరీక్షలంటే భయపడే వారికి, మార్కులు మెరుగైనాయి. మీరూ వ్రాసి చూడండి. వ్రాసి చించివేయండి. లోపల తిరిగే భయం బయటపడితే మనసులో జవాబులకు చోటు దొరుకుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఇంటిలో ఒక్క గది ఉన్న విద్యార్థికి ఈ పది రోజులు కూర్చొనే చోటే పెద్ద సమస్య. పరీక్షల మాసంలో పఠన మందిరాన్ని ఉదయం పెందలకడ నుండి రాత్రి వరకు తెరిచి ఉంచవలసినదిగా, ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక గది, క్షేమంగా ఇల్లు చేరే ఏర్పాటు కల్పించవలసినదిగా కోరుతున్నాము. గత అయిదు సంవత్సరాల ప్రశ్నపత్రాలను తెలుగు, ఉర్దూ, ఆంగ్ల మాధ్యమాలలో గ్రంథాలయంలో ఉంచాలి. ప్రతి విషయంలో రెండు మూడు వందల పారిభాషిక పదాలను మూడు భాషలలో ఒక చిన్న పట్టికగా అచ్చు వేయిస్తే ఖర్చు స్వల్పం, ప్రయోజనం ఘనం. రంజాన్‌లో పఠన మందిరంలోనే ఇఫ్తార్‌కు ఖర్జూరం, నీరు అమర్చితే విద్యార్థి ఒక గంట దారి ప్రయాణం మిగుల్చుకొంటాడు. చదివిన పెద్ద విద్యార్థులను చిన్నవారికి పాఠం వినేవారిగా జతపరచటానికి మేము సిద్ధంగా ఉన్నాము.

చివరగా ఒక మాట. 2019లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రుల దుఃఖానికి ఏ మార్కుల జాబితా సమాధానం చెప్పగలదు? పరీక్ష తప్పటం ఒక సంగతి. జీవితం తప్పటం కాదు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఫలితాల తరువాత అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి; తప్పిన పత్రం వ్రాసి అదే సంవత్సరం పై తరగతికి పోవచ్చును. మనసు బరువెక్కినవారు మౌనంగా ఉండక, ఇంటివారికో మాకో చెప్పండి. ఎవరికీ చెప్పలేకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సంఖ్య 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చును. తల్లిదండ్రులు కూడా ఫలితాల నాడు పిల్లల మార్కులను ఇరుగు పొరుగు పిల్లల మార్కులతో తూచకుండా, ముందుగా అన్నం పెట్టి, తరువాత మాట్లాడవలసినదిగా ప్రార్థిస్తున్నాము.

విద్యార్థులారా! పది రోజులలో పండితులు కాలేరు. ఆ ఆశ మేము చూపటం లేదు. కాని మీకు ఇంతకు ముందే సగం తెలిసిన దానిని పూర్తిగా మీ సొంతం చేసుకొనటానికి పది రోజులు చాలును. ఇప్పుడు ఈ సంచికను మూసి, ఈ వ్యాసంలో చెప్పిన సంగతులలో నాలుగింటిని ప్రక్కవారికి ఒప్పజెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ నుండే మీ చదువు మొదలు.